తప్పు బండిది కాదు, మన కాలిది



కిందటి ఆదివారం కార్యవర్గ సమావేశంలో ఏం జరిగిందో మీకు ఈపాటికి వాట్సాప్‌లో చేరే ఉంటుంది. చేరినదాంట్లో సగం నిజం, సగం ఉప్పూకారం. అందుకే పొడుగైనా సరే, పూర్తిగా రాస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్లు ఇప్పుడే చదవండి. లేనివాళ్లు వచ్చే ఆదివారం చెయ్యెత్తే ముందైనా చదవండి.

జరిగింది ఇది. మన యువజన విభాగం పిల్లలు ఎనిమిది మంది ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఒక ట్రాక్ డేకి వెళ్లారు. అందులో మా అక్క కొడుకు ఒకడు. వాడి కారు కొని ఆరు వారాలే అయింది. రెండే సీట్లు, ఇంజన్ వీపు వెనకాల. మూడో సెషన్‌లో ఒక మలుపు మధ్యలో కారు గిర్రున తిరిగి, గడ్డిలోకి జారి, టైర్ల గోడకి వెనక మూల తగిలింది. వాడికి గోరంత గాయం లేదు. కారుకి బంపరు, ఒక లైటు, వెనక సస్పెన్షన్‌లో కొంత పోయాయి. బిల్లు ఎంతో రాయను, మా అక్క చదువుతుంది.

సమావేశంలో రెండు ప్రతిపాదనలు వచ్చాయి. పెద్దలు కొందరు, "ఇకమీదట సంఘం పేరు చెప్పుకొని ఎవరూ ట్రాక్‌కి వెళ్లకూడదు" అన్నారు. పిల్లలు కొందరు, "ట్రాక్‌ది తప్పు కాదు, ఇంజన్ మధ్యలో ఉండే కార్లే ప్రమాదం, వాటిని మాత్రం రానివ్వొద్దు" అన్నారు. రెండూ తప్పే అని నా అభిప్రాయం. రెండింటికీ వ్యతిరేకంగా ఓటు వేస్తాను. ఎందుకో చెప్తాను.

ముందు పెద్దలకు.

అయ్యా, మీరంటే గౌరవం ఉంది. కానీ మీలో డెబ్బై దాటినవాళ్లలో షోలవరం రేసులు చూడనివాళ్లు ఎంతమంది? నెల్లూరు వెళ్లే రోడ్డులో, రెడ్ హిల్స్ దాటాక, యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద జరిగేవి ఆ పోటీలు. మా నాన్న నన్ను స్కూటరు ముందు నిలబెట్టుకొని తీసుకెళ్లాడు. మన వీధి నుంచి ఇంకెంతమంది వచ్చారో నాకు గుర్తుంది, పేర్లు రాయను. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పుట్టింది 1953లో. ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ 1990లో మొదలైంది. దాదాపు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. ఇదేదో నిన్న దిగుమతి అయిన పిచ్చి కాదు, ఈ ఊరి అలవాటే.

సరే, నిషేధించారు. తరవాత? వాడు కారు అమ్మేస్తాడా? అమ్మడు. రాత్రి పదకొండుకి ఈసీఆర్ ఎక్కుతాడు. అక్కడ టైర్ల గోడ ఉండదు, జెండా పట్టుకున్న మార్షల్ ఉండడు, అంబులెన్సు నిలబడి ఉండదు. ఎదురుగా చేపల బుట్ట పెట్టుకున్న టీవీఎస్ వస్తుంది. హెల్మెట్ లేని తండ్రి, ముందు ఒక పిల్ల, వెనక ఒక పిల్ల వస్తారు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద పందెం వేస్తే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి పక్కన పెట్టినా, గడ్డిలో ఆగిపోయిన కారు రోడ్డు మీద దేన్ని తాకి ఆగేదో ఒక్క నిమిషం ఆలోచించండి. ట్రాక్ తలుపు మూస్తే వేగం ఆగదు, చోటు మారుతుంది, అంతే.

ఇప్పుడు పిల్లలకు. మీకే ఎక్కువ చెప్పాలి.

"ఈ కార్లు అంతే మామా, చెప్పాపెట్టకుండా తిరిగిపోతాయి" అని ఒకబ్బాయి మైకు పట్టుకొని అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు. నాయనా, చెప్పకుండా తిరిగే కారు లేదు. అది చెప్పే భాష నీకు తెలియదు, అంతే.

ఇంజన్ మధ్యలో పెట్టడం ఎవరో సరదాకి చేసింది కాదు. 1958లో అర్జెంటీనా గ్రాండ్ ప్రీలో స్టర్లింగ్ మాస్ ఒక చిన్న కూపర్ కారుతో గెలిచాడు. ఇంజన్ డ్రైవరు వెనక. మరుసటి ఏడు, ఆ పై ఏడు అలాంటి కూపర్‌తోనే జాక్ బ్రాభమ్ ప్రపంచ ఛాంపియన్. ఎద్దు బండికి ముందే ఉండాలని వాదించిన ఎంజో ఫెరారీ కూడా 1961 వచ్చేసరికి ఎద్దుని వెనక్కి కట్టాడు, ఆ ఏడు టైటిల్ కొట్టాడు. 1960 ఇటలీ పోటీ తరవాత ముందు ఇంజన్ ఉన్న కారు ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక్క పోటీ కూడా గెలవలేదు. అరవై ఏళ్లకు పైగా ప్రపంచం ఒప్పుకున్న సంగతిని మన యువజన విభాగం ఒక్క బంపరు పోయిందని కొట్టిపారేస్తుందా?

ఎందుకు ఒప్పుకుందో చెప్తాను, ఎందుకంటే వాడి కారు తిరిగిన కారణమూ అందులోనే ఉంది.

కావడి మోసేవాడిని తలుచుకోండి. పళని వెళ్లే దారిలో మీరంతా చూసినవాళ్లే. రెండు చివర్లా బరువు. అతను గిరుక్కున తిరగలేడు. తిరగడం మొదలుపెట్టాలంటే కష్టం, మొదలైంది ఆపాలన్నా కష్టం. అదే బరువు బిందెలో నింపి నడుముకి ఆనించుకున్న మనిషి ఇట్టే తిరుగుతుంది. ఇంజన్ ముందున్న కారు ఎంతో కొంత కావడి లాంటిది. ఇంజన్ మధ్యలో ఉన్న కారు నడుము మీద బిందె. స్టీరింగ్ తిప్పితే వెంటనే తిరుగుతుంది, ఆ సుఖం కోసమే కోటి పోసి కొన్నారు. కానీ తిరగకూడనప్పుడు కూడా అంతే వెంటనే తిరుగుతుంది. కావడి జారుతుంటే సర్దుకోడానికి టైము దొరుకుతుంది. బిందె జారితే దొరకదు.

రెండోది, బరువు ఎక్కడ ఉందనేది. మనం రోజూ నడిపే ముందు చక్రాల కార్లలో నూటికి అరవై పాళ్ల బరువు ముందే ఉంటుంది. ఇంజన్ మధ్యలో ఉండే రోడ్డు కార్లలో సుమారు యాభై ఐదు, అంతకన్నా ఎక్కువ కూడా, వెనక చక్రాల మీద ఉంటుంది. అందుకే వెనక టైర్లు వెడల్పు. ఉదాహరణకి పోర్షే 718 కేమన్‌లో మామూలు పద్దెనిమిది అంగుళాల చక్రాలకి ముందు 235, వెనక 265. అది సోకు కోసం కాదు, బరువు ఉన్నచోట పట్టు కావాలని.

మూడోది, ఆ బరువు కదులుతుంది. సిటీ బస్సు డ్రైవరు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకి తూలినట్టు, బ్రేకు తొక్కినా, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా కారు బరువు ముందుకి తూలుతుంది. వెనక తేలికవుతుంది.

ఇప్పుడు మా మేనల్లుడు చేసింది చూడండి. పదేళ్లుగా వాడు నడిపింది ముందు చక్రాల సెడాన్. ఆ కారులో మలుపు మధ్యలో ముక్కు బయటికి పోతుంటే కాలు తీసేస్తే చాలు, బరువు ముందుకి వచ్చి ముక్కు మళ్లీ లోపలికి వస్తుంది. అది వాడి కాలికి అలవాటైన మందు. ట్రాక్ మీద వేగంగా మలుపులోకి వెళ్లాడు. ముక్కు కాస్త బయటికి జరిగింది. భయపడ్డాడు. పాత మందే వేశాడు, కాలు ఒక్కసారి పైకి లాగేశాడు. ముందు టైర్లు చటుక్కున పట్టుకున్నాయి. బరువంతా ఉన్న వెనకభాగం తేలికై ఊడింది. స్టీరింగ్ ఎదురు తిప్పేసరికి సగం చుట్టు అయిపోయింది.

ఆసుపత్రి నుంచి కాదు, టీ కొట్టు దగ్గర నుంచి ఫోన్ చేసి, "మామా, నేనేం చేయలేదు, బ్రేకు కూడా తొక్కలేదు, కాలు తీసినానంతే" అన్నాడు. అదేరా నువ్వు చేసింది.

అంటే మారాల్సింది కాలు. కొత్త పాఠం నేర్చుకోవడం కన్నా పాత పాఠం మరిచిపోవడం కష్టం. ఎన్నేళ్లుగా నడుపుతున్నాను అని గొప్ప చెప్పుకునేవాడికి ఇక్కడ అన్నేళ్ల అప్పు ఉన్నట్టు లెక్క. ఆ అప్పు ఎలా తీర్చాలో నాకు ఒక శిక్షకుడు చెప్పిన పద్ధతి రాస్తాను.

మొదటి రోజు బ్రేకు అంతా తిన్నటి దారిలోనే ముగించాలి. మలుపులోకి అనుకున్నదానికన్నా నెమ్మదిగా వెళ్లాలి. లోపల కాలు సన్నగా, నిలకడగా ఆనించి ఉంచాలి, పైకీ లేదు కిందికీ లేదు. ముక్కు బయటికి పోతే కాలు లాగకూడదు. స్టీరింగ్ కొంచెం సడలించి, కాలు మెల్లమెల్లగా తగ్గించాలి. బయటికి వచ్చేటప్పుడు స్టీరింగ్ ఎంత విప్పుతావో యాక్సిలరేటర్ అంతే ఇవ్వాలి. అయినా తిరగడం మొదలై, ఇక చేతికి రాదని తెలిస్తే బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ ఉంటే అదీ తొక్కి, ఆగేదాకా వదలకూడదు.

ఇది చేతికొచ్చాకే రెండో పాఠం. ఈ కార్ల ముక్కు తేలిక కాబట్టి, బ్రేకు పూర్తిగా వదిలేసి స్టీరింగ్ తిప్పితే ముక్కు తిరగదు. బ్రేకుని కొంచెం కొంచెంగా వదులుతూ మలుపులోకి దించాలి. బావిలోకి బిందె దించేటప్పుడు తాడు వదులుతామే, అట్లా. ఒక్కసారి వదిలితే బిందె పగులుతుంది, అస్సలు వదలకపోతే నీళ్లు అందవు. దీనికి నెలలు పడుతుంది. వీడియో చూసి రాదు.

స్టెబిలిటీ కంట్రోల్ బటన్ సంగతి. ఎనిమిది మందిలో ఐదుగురు రెండో సెషన్‌కే దాన్ని ఆపేశారని విన్నాను. ఎందుకయ్యా? "అది ఉంటే ఫీల్ రాదు" అంట. ఆ వ్యవస్థ ఎన్నిసార్లు నిన్ను కాపాడుతోందో డాష్‌బోర్డు మీద మెరిసే చిన్న లైటు చెబుతుంది. ఆ లైటు ఒక సెషన్ అంతా ఒక్కసారి కూడా మెరవకుండా నడిపిన రోజు ఆపడం గురించి మాట్లాడు. ఆన్‌లో ఉన్నా అది దేవుడు కాదు. టైరుకి లేని పట్టుని ఏ కంప్యూటరూ ఇవ్వలేదు.

కారు సిద్ధం చేయడం గురించి కూడా ఎవరూ పట్టించుకోలేదు. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, పాతదైతే వేడికి మరిగి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. వెళ్లే ముందు మార్చాలి. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు ఒక లెక్క, మన ఎండలో పదిహేను నిమిషాలు తిరిగొచ్చాక ఇంకో లెక్క. దిగిన వెంటనే కొలిచి సరిచేయాలి. ముందు వెనకలకి ఒకే గాలి కొట్టించే పెట్రోల్ బంకు అలవాటు ఈ కారుకి పనికిరాదు. ఆఖరి చుట్టు నెమ్మదిగా తిప్పి ఇంజన్‌నీ బ్రేకులనీ చల్లారనివ్వాలి. వచ్చి నిలిపాక హ్యాండ్ బ్రేకు వేయకూడదు, గేరులో పెట్టి చక్రానికి అడ్డు పెట్టాలి.

ఇన్ని చెబుతున్నావు, నువ్వెవరివి అంటారు. చెప్తాను. ఇది ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు.

నాలుగేళ్ల కిందట నేను అలాంటిదే ఒక పాత కారు కొన్నాను. మీకు గుర్తుండే ఉంటుంది, ఏడాదిలో అమ్మేశాను, "నడుము నొప్పి" అని చెప్పాను. నడుము నొప్పి లేదు. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా కారు నడుపుతున్నాను, ఒక్క గీత పడలేదు. అదే పొగరుతో ట్రాక్‌కి వెళ్లాను. శిక్షకుడు పక్కన కూచుంటానంటే, "నాకెందుకండీ, కొత్త పిల్లలకి చూసుకోండి" అన్నాను. ఒకే పొద్దున రెండుసార్లు తిరిగాను. రెండోసారి ఆగేసరికి కారు వెనక్కి తిరిగి ఉంది, ఎదురుగా వస్తున్న కార్లు కనబడుతున్నాయి. మార్షల్ పసుపు జెండా ఊపుతున్నాడు. చేతులు వణికి ఇంజన్ స్టార్ట్ చేయలేకపోయాను. ఆ తరవాతే ఆ శిక్షకుడి దగ్గరికి వెళ్లి తల వంచుకొని కూచున్నాను. పైన రాసిందంతా ఆయన చెప్పిందే. ఇంటికొచ్చి ఎండకి తలనొప్పి అని పడుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆరు వారాల కిందట మా మేనల్లుడు కారు తెచ్చాడు. గుడి ముందు పూజ. కొబ్బరికాయ కొట్టింది నేను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది నేను. "మామా, నీకు తెలుసు కదా ఈ కార్లు, ఏమన్నా చెప్పు" అన్నాడు. "ఏముందిరా, జాగ్రత్తగా నడుపు" అన్నాను. ఆ ఒక్కమాట తప్ప చెప్పలేదు, ఎందుకంటే చెప్పాలంటే నేను తిరిగిన సంగతి చెప్పాలి. యాభై దాటిన మేనమామ పరువు అక్కడ అడ్డొచ్చింది.

మన సంఘం ఏం చేసింది? ఉగాది వేడుకలో హాలు గేటు దగ్గర ఆ కారుని నిలబెట్టి, పూలదండ వేసి, కుటుంబాలతో సహా ఫోటోలు దిగాం. వాడికి శాలువా కప్పాం. నిషేధం కోరుతున్న పెద్దలే ఆ శాలువా కప్పారు. కారు కొన్నవాడికి శాలువా ఉంది మన దగ్గర. నడపడం నేర్చుకున్నవాడికి ఏముంది? ఆ రోజు ఒక్కరం, నాతో సహా, "బాబూ, ఇది నడపడం నేర్చుకున్నావా" అని అడగలేదు. మనకి కొనడమే విద్య అయిపోయింది. అది కారుతోనే ఆగలేదని మీకు తెలుసు, ఆ మాట ఇంకోసారి.

కాబట్టి నా ప్రతిపాదన మూడోది. ఆదివారం లిఖితంగా ఇస్తాను.

ఒకటి. యువజన విభాగం ట్రాక్ డేలు కొనసాగాలి. మొదటి రెండుసార్లు పక్కన శిక్షకుడు లేకుండా ఎవరూ ట్రాక్ ఎక్కకూడదు. శిక్షకుడి ఫీజులో సగం సంఘం పెట్టాలి. ఉగాదికి శాలువాలకీ మెమెంటోలకీ పెట్టే ఖర్చులోంచి తియ్యండి, ఎవరూ చలికి వణకరు.

రెండు. ముందు రోజూ నడిపే సొంత కారుతో ఒకరోజు. ట్రాక్ దారి, జెండాల అర్థం, అద్దంలో చూసుకోవడం అందులో నేర్చుకోవాలి. ఆ తరవాతే ఇంజన్ వెనకున్న కారు. కొత్త దారి, కొత్త కారు రెండూ ఒకేరోజు వద్దు.

మూడు. మొదటి నాలుగు ట్రాక్ డేలకి స్టెబిలిటీ కంట్రోల్ ఆపితే వాడు తిరిగి రాకూడదు. టైమింగ్ పోటీ, స్టాప్‌వాచ్, ఇన్‌స్టా పందెం ఉండకూడదు.

నాలుగు. ప్రతి ఒక్కరూ తమ ఇన్సూరెన్స్ కాగితం ఇంట్లోవాళ్లతో కలిసి చదవాలి. మామూలు ప్రైవేటు కారు పాలసీలో పోటీలకీ, వేగ పరీక్షలకీ వాడితే వర్తించదని రాసి ఉంటుంది. గోడకి తగిలితే బిల్లు ఎవరిదో ఇంట్లోవాళ్లకి ముందే తెలియాలి. మా అక్కకి తెలియదు.

ఐదు. తిరిగినవాడు ఎలా తిరిగాడో మిగతావాళ్లకి చెప్పాలి. నవ్వకూడదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మొదటి చెప్పేవాడిని నేనే, పైన చెప్పేశాను.

నా మీద కోపం వస్తే కామెంట్లో రాయండి, పేరు పెట్టి రాయండి. "డబ్బున్నవాళ్ల గోల మనకెందుకు" అనేవాళ్లకి కూడా జవాబు ఉంది. ఈ కార్లు కొనేది పదిమందే, నిజమే. కానీ ఈసీఆర్ మీద ఆ పదిమందికి ఎదురొచ్చేది మనమే, మన పిల్లలే.

కిందటి వారం మా అక్క ఫోన్ చేసింది. బిల్లు గురించి అనుకున్నాను. కాదు. మేనల్లుడు ఎలాగో నా పాత సంగతి ట్రాక్ దగ్గర ఎవరి ద్వారానో విన్నాడట, తల్లికి చెప్పాడట. "నీకు తెలిసి కూడా వాడికి ఎందుకు చెప్పలేదురా?" అని అడిగింది. తిట్టలేదు, ఏడవలేదు, ఊరికే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఈ రాసిందంతా దానికే.

ఆదివారం పది గంటలకి సమావేశం. వాడు కూడా వస్తానన్నాడు. దయచేసి రండి.